శుశ్రూషకు గౌరవం తెచ్చిన డాక్టరమ్మ: ఐడా స్కడ్డర్

పళనిలో పుట్టి పెరిగిన వారికి పుండ్లు పడిన పాదాలు కొత్త కాదు. తైపూసానికీ, పంగుని ఉత్తరానికీ కావళ్లు భుజాన వేసుకొని కాలినడకన వచ్చే భక్తుల పాదాలు బొబ్బలెక్కి, చిట్లి, చీము పట్టడం ఏటేటా చూసేదే. దారి పక్క పందిళ్లలో కూర్చొని ఆ పాదాలను గోరువెచ్చని నీటితో కడిగి, తుడిచి, మందు రాసి, శుభ్రమైన గుడ్డ కట్టి, రెండు రోజులు మట్టి తగలనీయవద్దని చెప్పి పంపే పుణ్యాత్ములూ ఏటేటా కనబడతారు. చూడడానికి అది చిన్న పని. కాని శుశ్రూష అనే విద్య సాంతం అందులోనే ఇమిడి ఉన్నది. కడిగి కట్టు కట్టడం అందులో సగం. రోగికి తన దేహాన్ని తాను కాపాడుకొనే తెలివి నేర్పడం మిగిలిన సగం.

ఈ రెండు సగాలనూ ఒకటిగా చేర్చి, దక్షిణదేశపు ఆడపిల్లలకు గౌరవప్రదమైన విద్యగా నేర్పిన వారిలో డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డర్ అగ్రగణ్యురాలు. ఆమె పేరు వినగానే వేలూరు జ్ఞప్తికి వస్తుంది. అది న్యాయమే. అయితే ఆమె వృద్ధాప్యం గడచినదీ, 1960 మే నెలలో ఆమె కన్ను మూసినదీ పళని కొండల మీద, కొడైకానల్‌లోని తన ఇంటిలో. పళని వీధులలో నిలబడి దక్షిణంగా తల ఎత్తితే మబ్బుల మధ్య కనిపించే కొండల వరుస అదే. ఆ విధంగా ఈ ప్రాంతానికీ ఆమె జీవితకథలో పాలు ఉన్నది.

ఐడా 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించారు. ఆమె తాత డాక్టర్ జాన్ స్కడ్డర్ 1819లో అమెరికా నుండి ఓడలో సింహళానికి వచ్చి, తరువాత మద్రాసు ప్రాంతం చేరి వైద్యం చేసిన తొలి అమెరికన్ మిషనరీ వైద్యుడు. ఆయన కుమారులు ఏడుగురూ ఈ దేశంలోనే మిషనరీలుగా పని చేశారు. వారి ఆర్కాటు మిషన్ 1853లో ఏర్పడింది. ఐడా తండ్రి, ఆయన పేరూ జాన్ స్కడ్డరే, కూడ వైద్యుడు. ఆనాటి ఉత్తర ఆర్కాటు జిల్లా అంటే అరవదేశం మాత్రమే కాదు. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి వంటి తెలుగు ప్రాంతాలు కూడ అందులోనివే. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేవరకు ఆ తెలుగువారికి వేలూరే పెద్ద ఊరు. స్కడ్డర్ల వంశానికి తెలుగు పలుకు చెవిని పడకుండా గడచిన తరం ఉండకపోవచ్చు.

ఐడా ఐదారేండ్ల పాపగా ఉన్నప్పుడు 1876 నుండి 1878 వరకు దక్షిణాదిని దహించిన మహా క్షామం వచ్చింది. ఇంటి ముందు చేరిన పిల్లలకు రొట్టె ముక్కలు పంచే పని ఆ పాపకూ అప్పగించారు. చేతికిచ్చిన రొట్టెను నోటి వరకు ఎత్తుకొనే శక్తి కూడ కొందరు పిల్లలకు లేకపోయింది. తుంచి నోట పెట్టవలసి వచ్చింది. ఆమె చేసిన మొదటి పరిచర్య అదే అనవచ్చు. కాని ఆ దృశ్యం ఆమెలో సేవాభావాన్ని కలిగించినదని చెప్పితే అది అబద్ధమవుతుంది. కలిగించినది భయం. కుటుంబం అమెరికాకు మరలిపోయిన తరువాత తల్లిదండ్రులు మళ్లీ ఈ దేశానికి వచ్చారు. ఐడా బంధువుల ఇంట పెరిగి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్త్‌ఫీల్డ్ బాలికల విద్యాలయంలో చదివారు. చదువు ముగిసే నాటికి ఆమె మనసులో ఒక్కటే నిశ్చయం. ఆ ఎండలు, ఆ ఆకలి, ఆ రోగాలు ఉన్న దేశంలో తాను కాపురం చేయబోదు. 1890లో తల్లి జబ్బు పడినదని తెలిసి వచ్చినప్పుడు కూడ కొద్ది కాలం సేవ చేసి తిరిగిపోవాలన్నదే ఆమె తలంపు.

అప్పుడు తండ్రి తిండివనంలో ఉండేవారు. అక్కడ ఒక రాత్రి జరిగిన సంఘటనను వేలూరు ఆసుపత్రి చరిత్ర చెప్పే వారందరూ చెబుతారు. ప్రసవ వేదనతో కొట్టుమిట్టాడుతున్న భార్యను కాపాడమని ఒక యువ బ్రాహ్మణుడు వచ్చాడు. తన తండ్రి వైద్యుడనీ, ఆయన వస్తారనీ, తనకు వైద్యం తెలియదనీ ఐడా చెప్పారు. పరపురుషుడు తన భార్యను తాకడం కంటె ఆమె మరణించడమే మేలని తలచి ఆయన వెళ్లిపోయాడు. అదే రాత్రి ఒక మహమ్మదీయుడు, ఆ తరువాత మరొక హిందువు అదే కోరికతో వచ్చి, అదే కారణం చేత వెనుదిరిగారు. తెల్లవారిన తరువాత వీధిలో చావు డప్పులు వినిపించాయి. ముగ్గురు స్త్రీలూ మరణించారు.

ఈ కథను చెప్పే వారు సాధారణంగా ఆడ డాక్టరు లేకపోవడం మీదనే దృష్టి నిలుపుతారు. అది నిజమే గాని పూర్తి నిజం కాదు. ఆ మూడు ఇండ్లలోనూ మంత్రసాని ఉండే ఉంటుంది. ప్రసవం ఎప్పుడు అడ్డం తిరుగుతున్నదో గుర్తించడం, చేతులు శుభ్రంగా కడుగుకోవడం, సమయం దాటకముందే సాయం కోరడం ఆమెకు నేర్పిన వారు లేరు. భర్తలకూ, అత్తలకూ చెప్పిన వారు లేరు. లేనిది ఒక్క వైద్యురాలే కాదు. వైద్యానికీ ఇంటికీ నడుమ నిలబడవలసిన మనిషి లేదు. ఐడా తరువాతి అరవై ఏండ్ల పని చూస్తే, ఈ రెండవ లోటును ఆమె మొదటి లోటుకు సమానంగా పట్టించుకొన్నారని తెలుస్తుంది.

ఆ రాత్రి తరువాత ఆమె అమెరికా వెళ్లి 1895లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరారు. కార్నెల్ విశ్వవిద్యాలయం తన వైద్య కళాశాలలోనికి స్త్రీలను అనుమతించగానే అక్కడికి మారి 1899లో పట్టా పుచ్చుకొన్నారు. బయలుదేరే ముందు ఆసుపత్రికి చందాలు పోగు చేస్తుండగా, న్యూయార్కులోని షెల్ అనే బ్యాంకు యజమాని, గతించిన తన భార్య మేరీ టేబర్ షెల్ పేరిట పదివేల డాలర్లు ఇచ్చారు. 1900 సంవత్సరారంభంలో ఐడా వేలూరు చేరారు. తండ్రి దగ్గర కొన్నేండ్లు అనుభవం గడిద్దామనుకొన్నారు. ఆయన ఆ ఏడే మరణించారు. ఒక్క చేతి మీద నడపవలసిన వైద్యం ఆమె మీద పడింది.

బంగళాలోని ఒక చిన్న గది మందుల గది అయింది. ఒకే ఒక్క పడక. తొలి దినాలలో వాకిలి వరకు వచ్చి, ఇంత చిన్న పిల్ల వైద్యం చేయడమేమిటని మరలిపోయిన వారే ఎక్కువ. క్రమంగా రాక మొదలై, రెండేండ్లలో ఐదువేల మందికి చికిత్స జరిగింది. ఆ గదిలో ఆమెకు మొదటి సహాయకురాలు సలోమి అనే స్త్రీ. వంటవాని భార్య. పాఠశాల చదువు లేదు. నీళ్లు మరిగించడం, కత్తెరలు ఉడకబెట్టడం, కట్టు గుడ్డలు చుట్టడం, రోగిని కదలకుండ పట్టుకోవడం ఐడా ఒక్కొక్కటిగా నేర్పారు. నేటి వేలూరు నర్సింగు కళాశాలకు మూలపురుషుడెవరని అడిగితే పెద్దల పేర్లు చెప్పవచ్చును. మూలస్త్రీ మాత్రం ఈ సలోమియే. ఐడాతోపాటు వచ్చిన స్నేహితురాలు యానీ హాంకాక్ ఇల్లిల్లూ తిరిగి, ఘోషా దాటని స్త్రీలతో పరిచయం పెంచుకొన్నారు. ఆ ఇండ్ల నుండి రోగులు బయటికి రావడానికి ఆ పరిచయమే దారి తీసింది.

1902లో నలభై పడకలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరువబడింది. తరువాతి కాలంలో అది కంటి ఆసుపత్రిగా పేరు పొందింది. నలభై పడకలకు డాక్టరు ఒక్కరు. శస్త్రచికిత్స చేసేది అరగంట లేక గంట. ఆ తరువాత వారం పది రోజులు రోగి బ్రతుకు ఎవరి చేతిలో ఉన్నది? జ్వరం ఏ పూట పెరిగినదో, నాడి ఎట్లు మారినదో, కట్టు క్రింద రక్తం ఊరుతున్నదో లేదో చూసే కన్ను కావాలి. డాక్టరు నిద్రపోయే వేళ మెలకువగా ఉండే కన్ను కావాలి. ఈ అవసరం నుండే 1909లో నర్సింగు పాఠశాల పుట్టింది. దానిని నడపడంలో డీలియా హౌటన్ అనే అమెరికన్ నర్సు ఐడాకు కుడి భుజంగా నిలిచారు.

అప్పటికి నర్సింగు ఒక విద్యగా లోకంలో గుర్తింపు పొంది అర్ధ శతాబ్ది అయింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో తన గ్రంథం వెలువరించి, 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణాలయం పెట్టారు. ఆమె ఈ దేశం ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి సైనికుల ఆరోగ్యం గురించీ, నీటి గురించీ, మురుగు గురించీ దశాబ్దాలపాటు వ్రాస్తూనే ఉన్నారు. మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1871లోనే నలుగురితో మంత్రసానుల శిక్షణ మొదలయింది. విద్య ఉన్నది, విద్యాలయం ఉన్నది. చేరే పిల్లలు లేరు. కారణం అందరికీ తెలిసినదే. పరాయివారి మలమూత్రాలెత్తడం, చీము తుడవడం, పరపురుషుని ఒంటికి తడిగుడ్డ పెట్టడం మర్యాదగల ఇంటి ఆడపిల్ల చేసే పనులు కావని సంఘం తీర్మానించింది. ఎవరు ఎవరిని తాకవచ్చునో, ఎవరి చేతి నీళ్లు ఎవరు త్రాగవచ్చునో శాసించే కులపు కట్టుబాట్లు దీనికి తోడు. అందుచేత చాలాకాలం వరకు నర్సులలో అత్యధికులు క్రైస్తవ బాలికలే అయ్యారు. ఆ పిల్లలు తమ కష్టంతో ప్రాణాలు నిలిపిన ఇండ్లవారే వారిని చిన్నచూపు చూచిన ఉదంతాలు లేకపోలేదు. ఈ అన్యాయం నేటికి పూర్తిగా తొలగినదని చెప్పే ధైర్యం ఎవరికున్నది?

ఇట్టి సంఘంలో వేలూరు పాఠశాల చేసిన పని ఏమిటంటే, ఆ తాకరాని పనులకే శాస్త్ర గౌరవం ఇవ్వడం. పక్క మార్చడం పనిమనిషి పని కాదు. పక్షవాతంతో పడి ఉన్న వానిని రెండేసి గంటలకొకసారి ప్రక్కకు తిప్పకపోతే వీపున పుండు పడుతుంది, ఆ పుండు ప్రాణం తీయవచ్చు. మూత్రం కొలవడం నీచం కాదు. త్రాగిన నీరెంత, బయటికి పోయినదెంత అని లెక్క వ్రాసిన కాగితమే మూత్రపిండాల స్థితిని డాక్టరుకు చెబుతుంది. ఒక రోగిని ముట్టిన చేయి సబ్బుతో కడగకుండ మరొక రోగిని ముట్టరాదన్న నియమం మడి వంటిదే గాని, కులాన్ని చూడని మడి. అన్నిటికంటె కష్టమైన పాఠం, చూసినది చూసినట్లు వ్రాయడం. రోగి బాగున్నాడని వ్రాస్తే నర్సుకు తృప్తి, డాక్టరుకు నిష్ప్రయోజనం. జ్వరం ఎంత, శ్వాస నిమిషానికి ఎన్ని సార్లు, ఎన్ని ముద్దలు తిన్నాడు అని వ్రాస్తే అది విద్య.

మన ఆసుపత్రులకొక ప్రత్యేకత ఉన్నది. రోగి ఒంటరిగా రాడు. తల్లి, అత్త, చెల్లెలు, చంకలో పిల్ల, చేతిలో కూజా, వెనుక ఒక మేనమామ కూడ వస్తారు. పాశ్చాత్య పద్ధతి తెలిసిన వారు మొదట దీనిని అడ్డుగా తలచడం సహజం. కాని ఆ మంచం ప్రక్కన కూర్చున్న స్త్రీయే రేపు ఇంటికి పోయిన తరువాత నర్సు. గంజి ఎట్లు వార్చాలో, కట్టు ఎప్పుడు విప్పాలో, బాలింతకు నీళ్లు ఇవ్వకుండ ఎండబెట్టడం ఎందుకు కూడదో ఆమెకు చెప్పితే, ఇంటిలో మందు పని చేస్తుంది. చెప్పకపోతే ఆసుపత్రిలో చేసిన పని వీధి మలుపు వరకే. చెప్పడంలోనూ పద్ధతి ఉన్నది. ముందు ఆమెకు తెలిసినదేమిటో వినాలి. ఆమె భాషలో చెప్పాలి. చెప్పినదానిని ఆమె చేత చేయించి చూడాలి. తల ఊపినంత మాత్రాన తెలిసినట్లు కాదు. ఇది పాఠశాల ఉపాధ్యాయులకు చెప్పనవసరం లేని సంగతి.

వేలూరి గోడల లోపల ఎంత చేసినా రాలేని వారు రాలేరు. అందుచేత ఐడా వారానికొక దినం గుడియాత్తం దారిన బయలుదేరేవారు. తొలి దినాలలో ఎద్దుల బండి. 1909 ప్రాంతాన ప్యూజో అనే ఫ్రెంచి మోటారు కారు వచ్చింది. ఎద్దులు లేని బండి ఉరుముతూ వస్తుంటే భూతమని పరుగెత్తిన పల్లెవారి కథలు వేలూరులో చాలాకాలం చెప్పుకొన్నారు. క్రమంగా చెట్ల నీడలలో ఆగే తావులు ఏర్పడ్డాయి. కారు రాకముందే జనం అక్కడ కూడి ఉండేవారు. కండ్ల కలకలు, కురుపులు, చీము పట్టిన గాయాలు, కడుపు జబ్బులు, కుష్ఠు. ఎవరూ దగ్గరికి రానివ్వని కుష్ఠురోగులకు కూడ చెట్టు క్రింద చోటు దొరికింది. డాక్టరు చూసి చెప్పేవారు. కడగడం, కట్టడం నర్సుల వంతు. రోడ్‌సైడు అని పిలిచే ఈ పద్ధతిలో ఒక మర్మం ఉన్నది. ఒక రోగి కాలు కడుగుతుంటే చుట్టూ నలభై మంది చూస్తారు. వారం తిరిగి అదే కాలు మానిన స్థితిలో వస్తే ఆ నలభై మందికీ పాఠం చెప్పినట్లే. గాయం మీద పేడ పూయరాదన్న మాటను వంద ఉపన్యాసాల కంటె మానిన కాలొకటి బాగా చెబుతుంది.

ఇదే ఆర్కాటు మిషన్‌వారి కృషి తెలుగు నేల మీద మదనపల్లెలోనూ సాగింది. అక్కడ మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911లో వెలసింది. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో పలు మిషన్లు కలిసి క్షయ చికిత్సాలయం తెరచినవి. డెన్మార్కు దేశస్థుడు డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ దానికి సారథి. ఆ కాలంలో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1940లలో. మరి ముప్పయి ఏండ్లు ఆ చికిత్సాలయం దేనితో నడిచింది? విశ్రాంతి, గాలి, వెలుతురు, బలమైన ఆహారం, ఎక్కడపడితే అక్కడ ఉమ్మివేయరాదన్న శిక్షణ. అనగా శుశ్రూష, బోధన. ఈ రెండే అక్కడ మందు. మందులు వచ్చిన తరువాత 1950లలో మద్రాసులో జరిగిన పరిశోధన మరొక సత్యం తేల్చింది. ఇంటిలో ఉండి మందు తీసికొనే క్షయరోగులు, చికిత్సాలయంలో ఉన్నవారితో సమానంగా కోలుకొన్నారు. అయితే మందు విడువకుండ మింగేటట్లు ఇంటికి వెళ్లి చూసే వారు, వివరించే వారు ఉన్నప్పుడే. లోకమంతటా క్షయ చికిత్స మార్గం మార్చిన పరిశోధన అది.

తిరిగి ఐడా కథకు వద్దాము. ఒక్క డాక్టరు వల్ల అయ్యే పని కాదని గ్రహించి ఆమె ఆడపిల్లలకు వైద్య పాఠశాల తలపెట్టారు. ముగ్గురు చేరితే అదృష్టమని మద్రాసు వైద్యాధికారులు నవ్వారు. 1918లో నూట యాభై ఒక్క దరఖాస్తులు వచ్చినవి. ఆ ఏడు ఆగస్టు 12న పాఠశాల ప్రారంభమయింది. మగపిల్లలే అధికంగా తప్పే పరీక్షలో ఈ అమ్మాయిలు గట్టెక్కరన్నారు. మొదటి ఏటి పరీక్షలో అందరూ కృతార్థులయ్యారు. 1922లో పద్నాలుగురు ఎల్.ఎం.పి. పట్టాలతో బయటికి వచ్చారు. ఆ మాటలన్న పెద్దలకు ఐడా మీద ద్వేషం లేదనే చెప్పాలి. ఆడపిల్లల శక్తి మీద నమ్మకం లేదు, అంతే. ఊరి నడుమ పెద్ద ఆసుపత్రి కట్టడం, 1928లో బాగాయంలో రెండువందల ఎకరాలలో కళాశాలకు పునాది త్రవ్వడం, ఆ ఏటనే మహాత్మా గాంధి ఆ పాఠశాలను సందర్శించడం వరుసగా జరిగినవి. 1926లో మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చి, శిక్షణ పొందిన వారి పేర్లు పట్టికకు ఎక్కడం మొదలయింది. వంటవాని భార్య సలోమితో మొదలైన పని ప్రభుత్వ పట్టికకు చేరడానికి ఇరవై ఆరేండ్లు పట్టింది.

గండం 1930 దశకం చివర వచ్చింది. ఎల్.ఎం.పి. చదువులు చాలవనీ, విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.ఎస్. పట్టాయే ఉండాలనీ మద్రాసు ప్రభుత్వం నిర్ణయించింది. నిర్ణయం మంచిదే. కాని దానికి తగిన ఆచార్యులు, ప్రయోగశాలలు, పడకలు కావాలి. లేదా తలుపులు మూయాలి. డెబ్బదేండ్ల వయసులో ఐడా మళ్లీ అమెరికా వెళ్లి ఊరూరా చందాలడిగారు. యుద్ధకాలం. ఇచ్చే వారే తక్కువ. అంతకు మించిన చిక్కు ఇంకొకటి. సంస్థ నిలవాలంటే మగ విద్యార్థులను కూడ చేర్చుకోవాలని కొందరు, స్త్రీల కొరకు స్త్రీలిచ్చిన ధనంతో కట్టినదానిని పురుషులకు తెరవడం ద్రోహమని మరికొందరు. రెండవ పక్షంలో ఆమెకు నలభై ఏండ్ల స్నేహితులున్నారు. ఐడా చాలాకాలం తటపటాయించి, మొదటి పక్షానికి ఒప్పుకొన్నారు. ఆ స్నేహాలలో కొన్ని తిరిగి అతుకలేదు. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు మొదలయినవి, 1947లో మగపిల్లలు ప్రవేశించారు. ఆనాటి నిర్ణయం తప్పని వాదించే వారి మాటలోనూ కొంత న్యాయం ఉన్నది. కాని సంస్థ బ్రతికింది. దానికి నలభై మిషన్ల ఆదరణ లభించింది.

ఈ కలతల మధ్యనే 1946లో నర్సింగు పాఠశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైన కళాశాల అయి, డిగ్రీ చదువు ప్రారంభించింది. దేశంలో నర్సింగుకు విశ్వవిద్యాలయ పట్టా ఇవ్వడం ఆ ఏటనే ఢిల్లీలోనూ, వేలూరులోనూ మొదలు. అదే ఏట వెలువడిన భోర్ సంఘపు నివేదిక ప్రకారం అవిభక్త భారతదేశం మొత్తానికి నర్సులు సుమారు ఏడువేలు. నలభై మూడువేల మందికి ఒక్కరు. డాక్టర్ల కొరత కంటె నర్సుల కొరత ఏడు రెట్లు పెద్దది. ఎం.బి.బి.ఎస్. గండం గురించి చెప్పుకొన్నంతగా ఈ డిగ్రీ గురించి ఎవరూ చెప్పుకోరు. చెప్పుకోవలసినది ఇదే. పడక ప్రక్కన నిలబడే పిల్లకు పట్టా వచ్చింది. పట్టాతోపాటు డాక్టరుకు ఎదురుగా నిలిచి, ఈ రోగి ఇంకా ఇంటికి పోదగినవాడు కాదని చెప్పగల స్థైర్యం వచ్చింది.

ఐడా తరువాత ఆ సంస్థ పగ్గాలు అందుకొన్న తొలి భారతీయ మహిళ మన తెలుగు నేల బిడ్డ కావడం విశేషం. డాక్టర్ హిల్డా మేరీ లాజరస్ 1890లో విశాఖపట్నంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, ప్రభుత్వ స్త్రీ వైద్య సేవలో దేశమంతటా పని చేసిన విదుషి. భారత ప్రభుత్వం 1961లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆమె 1978లో గతించారు. ఆమె గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం వ్రాయవలసి ఉన్నది.

పదవి విడిచిన ఐడా కొడైకానల్‌లో హిల్‌టాప్ అనే తన ఇంట స్థిరపడ్డారు. ఆ కొండకు ఆమె కొత్త కాదు. మదురై అమెరికన్ మిషన్‌వారు 1845లో అక్కడ బంగళాలు కట్టిననాటి నుండి మిషనరీలు వేసవికి చేరే తావు అది. మోటారు ఘాటు దారి పడకముందు పెరియకుళం సమీపంలోని కృష్ణమ్మనాయకన్ తోపు నుండి కాలినడకనో, గుర్రం మీదనో, డోలీలోనో ఎక్కవలసి వచ్చేది. పేరులోనే తెలుగు నాయకుల జాడ ఉన్న ఆ తోపు ఎందరు మిషనరీలకు తొలి మజిలీ అయినదో! ఐడాకు టెన్నిసు ప్రాణం. ఎనభై దాటిన తరువాత కూడ ఆడేవారు. పూలతోట పెంచారు. వేలూరు నుండి వచ్చిన వారిని కూర్చోబెట్టి ఆసుపత్రి సంగతులు అడిగేవారు. ఆ వేలూరులో అప్పటికి మరొక ఐడా స్కడ్డర్ ఉన్నారు. ఆమె అన్న కుమార్తె, ఎక్స్‌రే వైద్య నిపుణురాలు. ఒకే పేరుతో ఇద్దరు డాక్టరమ్మలుండడం చేత కొత్తవారికి తికమక కలిగేది.

1960 మే నెలలో, ఎనభై తొమ్మిదేండ్ల వయసులో, డాక్టర్ ఐడా హిల్‌టాప్‌లో మరణించారు. చెట్టు క్రింది రోడ్‌సైడు తరువాతి కాలంలో గ్రామారోగ్య పథకంగా మారింది. నర్సింగు కళాశాల తనకంటూ పల్లెలను ఎంచుకొని, ఇంటింటికీ విద్యార్థినులను పంపసాగింది.

ఐడా బ్రతికి ఉన్న దినాలలో విదేశాల నుండి వచ్చే కొన్ని జాబుల మీద డాక్టర్ ఐడా, ఇండియా అని తప్ప మరేమీ ఉండేది కాదట. అవి తప్పకుండ వేలూరు చేరేవి. ఒక్క పడక గది తెరచిన నూరేండ్లకు, 2000 సంవత్సరంలో, భారత తపాలా శాఖ ఆ సందర్భంగా ఒక తపాలా బిళ్ల వెలువరించింది.